మ్యాగ్నమ్ హనుమాండ్లు

ఎల్లారెడ్డి బస్టాండులో దిగి హనుమాండ్లు షెడ్డు ఎక్కడని అడిగితే "ఏ హనుమాండ్లు?" అని ఎదురు అడుగుతారు. ఆ దిక్కున ఆ పేరు గలవాళ్లు గంపెడు. "మ్యాగ్నమ్" అని ముందు కలిపి చూడండి. చెప్పేవాడి ముఖంలోకి మొదట నవ్వు వస్తుంది, దారి ఆ తర్వాత వస్తుంది.

కామారెడ్డి రోడ్డు మీద ఆయనకు మోటార్ల వైండింగ్ షెడ్డు ఉంది. కాలిపోయిన బోరు మోటారు తెచ్చి పడేస్తే మర్నాటికల్లా బాగుచేసి ఇస్తాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. చిక్కల్లా ఏమిటంటే, హనుమాండ్లు బాగున్న వస్తువును కూడా బాగుచేస్తాడు. ఇంట్లో మిక్సీకి వేగం చాలడం లేదని ఒకసారి దాని తీగ విప్పి మళ్లీ చుట్టాడు. ఆ పూట పల్లి చట్నీ మూతతో సహా లేచిపోయి పైకప్పుకు అంటుకుంది. ఇప్పటికీ ఆ వంటింట్లో తలెత్తితే మరక కనిపిస్తుంది. తన మోపెడ్‌కు కూడా ఏదో చేశాడు. అది ఎంత ఎత్తు గడ్డయినా పరుగున ఎక్కుతుంది. ఆపాలంటే మాత్రం కిందికి దిగి, చెప్పు విడిచి, ప్లగ్గు తీగ మీద ఒక్కటి కొట్టాలి.

"ఈ ఇంట్ల నీ చెయ్యి వడకుండ మంచిగున్నది నేనొక్కదాన్నే" అంటుంది భార్య శాంతవ్వ. ఒళ్లో బీడీల చాట, కళ్లు టీవీ మీద, వేళ్లు తునికాకు మీద పెట్టుకొని ఆమె ఏ మాటైనా తలెత్తకుండానే అంటుంది.

ఇక మ్యాగ్నమ్ సంగతి. అది తుపాకి.

హనుమాండ్లు తండ్రి వెనకట ఒక దొర దగ్గర జీపు నడిపేవాడు. దొరకు వేట పిచ్చి. వేటకు చట్టం అడ్డం వచ్చాక ఆయనకు ఊరి మీద మనసు విరిగింది. హైదరాబాదుకు మకాం మార్చేటప్పుడు గోడకున్న దుప్పి కొమ్ములు వెంట తీసుకుపోయి, తుపాకిని మాత్రం కాగితాలన్నీ సరిగ్గా చేయించి డ్రైవరు చేతిలో పెట్టాడు. తండ్రి పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి వచ్చింది. గొట్టం మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటాయి. వాటిలో ఆఖరి మాట మ్యాగ్నమ్.

"మామూలు తుపాకులు మేకలనుకో, గిది దున్నపోతు. తూటాల మందు ఎక్కువ పడ్తది. దెబ్బ గట్టిగుంటది" అని హనుమాండ్లు షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

దెబ్బ గట్టిగా ఉంటుందన్న మాట నిజం. అది ఎటువైపు తగులుతుందన్నది మాత్రం ఆయన చెప్పేవాడు కాదు.

మూతి మీద మీసం కుదురుకుంటున్న రోజుల్లో ఆయన దాన్ని ఒక్కసారి పేల్చాడు. తండ్రి పక్కనే నిలబడి, ఎదురుగా ఉన్న గుట్టరాయి చూపించి, కొట్టమన్నాడు. తూటా గుట్టకు తాకిందో లేదో ఎవరికీ తెలియదు. తుపాకి మాత్రం వెనక్కి తన్నింది. హనుమాండ్లు ఒడ్డు మీద నుంచి గాలిలోకి లేచి, వెనకున్న నాటు మడిలో వెల్లకిలా పడ్డాడు. నాట్లేస్తున్న ఆడవాళ్లంతా నడుములు ఎత్తి చూశారు. నడుము ఎత్తడానికి సాకు దొరకక ఆపసోపాలు పడుతున్నవాళ్లు పాపం, తీరిగ్గా చూశారు. భుజం నెల రోజులు నల్లగా కమిలింది. భుజం మానింది గాని, లోపలి భయం మానలేదు. ఆ తర్వాత ఆయన ఆ తుపాకిని పేల్చలేదు.

పేల్చలేదంటే ఊరికే ఉన్నాడని కాదు. తుపాకికి మరమ్మతులు మొదలుపెట్టాడు. భుజానికి ఆనే కట్టెను కుందా అంటారు. ఆ కుందాకు మొదట పాత మోటారుసైకిల్ సీటులోని స్పాంజి కుట్టాడు. అది చాలదనిపించి ట్రాక్టరు ట్యూబు ముక్క అతికించాడు. దాని మీద మళ్లీ శాంతవ్వ పెండ్లినాటి మఖ్మల్ రవిక ఒకటి తొడిగాడు. ఆ విషయం ఆమెకు ఆర్నెల్ల తర్వాత తెలిసి, ఒక పూట వంట ఆగింది. తగిలించుకునే పట్టీ నూర్పిడి మిషన్ బెల్టుతో చేశాడు. ఎవరైనా "ఏం జేస్తున్నవన్నా" అంటే ఒకటే జవాబు, "పర్ఫార్మెన్స్ పెంచుతున్న."

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి. మిగతావాళ్లకు అది తలనొప్పి. హనుమాండ్లు మాత్రం పోలీసులు కబురు పెట్టకముందే తుపాకిని దుప్పట్లో చుట్టి తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు. ఆ రోజుల్లో ఆయనకు కంటినిండా నిద్ర పట్టేది.

ఊరికి ఆయన తుపాకాయన. మక్క చేలు కంకి పాలుపోసుకునే వేళకు అడవిలోంచి పందులు దిగి, ఒక్క రాత్రిలో చేను దున్నేసి పోయేవి. శాంతవ్వ అన్న మైసన్న చేను సరిగ్గా అడవికి ఆనుకొని ఉంటుంది. ప్రతి ఏడూ ఆయన వచ్చి మొత్తుకునేవాడు.

"బావా, అంత పెద్ద తుపాకి ఇంట్ల వెట్టుకోని మా చేన్లు పందుల పాలు చేస్తవా?"

"చట్టం ఒప్పుకోదు బావా. లేకుంటెనా" అనేవాడు హనుమాండ్లు, పళ్లు కొరికి. ఆ పళ్లు కొరకడం చూస్తే పందులకు భూమ్మీద నూకలు చెల్లినట్టే అనిపించేది. 'లేకుంటెనా' తర్వాత ఏముందో అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

అవసరం తెచ్చిపెట్టింది సర్కారే. పంట పాడుచేసే అడవిపందులను కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం సర్పంచుల చేతికి వచ్చింది. కాల్చేవాడికి లైసెన్సు ఉండాలి, అటవీ శాఖవాళ్ల లిస్టులో పేరుండాలి. అంతే.

ఊరి సర్పంచు రాజశ్రీ, కామారెడ్డిలో డిగ్రీ చదివిన చురుకైన పిల్ల. ఒకనాడు షెడ్డు ముందు స్కూటీ ఆపి, దిగకుండానే శుభవార్త చెప్పింది.

"కాకా, నీ పేరు పంపిన."

"ఏడికి బిడ్డా?"

"ఫారెస్టోళ్లకు. పందులను కొట్టే షూటర్ల లిస్టుల. పట్నం షూటర్లను పిలిస్తే వాళ్లెప్పుడొస్తరో ఏమో. మన ఊళ్లె మన తుపాకి ఉండంగ వాళ్లెందుకు?"

కాలిన స్టార్టరు డబ్బా పట్టుకొని అక్కడే కూర్చున్న మైసన్న బీడీ ఆర్పేశాడు. "చట్టం ఒప్పుకోదంటివి గద బావా. ఒప్పుకున్నది. ఇగ కొట్టు."

హనుమాండ్లు చేతిలోని స్క్రూడ్రైవర్‌ను చొక్కాకు తుడిచాడు. "తుపాకి రెడీగ లేదు బావా. పర్ఫార్మెన్స్ జర తక్కువున్నది."

"దసరా దాటినంక మక్కలు విరుద్దామనుకుంటున్నడు కాకా మా నాయిన సుత" అంది రాజశ్రీ. "అప్పటిదాంక రెడీ చెయ్యి. కాదంటే చెప్పు, పట్నపోళ్లకు ఫోన్ చేస్త."

కాదని చెప్తే ఏం మిగులుతుంది? ముప్ఫై ఏళ్లుగా తుపాకాయన అని పిలిపించుకున్న మనిషి, ఊరి చేలు కాపాడటానికి ఎవరో పట్నపు టోపీవాడు దిగుతుంటే పక్కన నిలబడి టార్చిలైటు పట్టాలి. అది కూడా సొంత బావమరిది చేనులో. "చేస్త బిడ్డా" అన్నాడు.

ఆ వారమంతా షెడ్డులో మోటార్లు అలాగే పడి ఉన్నాయి. హనుమాండ్లు ఫోనులో వీడియోలు చూశాడు. ఏ దేశమో గాని, అక్కడ గడ్డపాయన ఒకడు ఇంట్లో బల్ల ముందు కూర్చొని తన తూటాలు తానే నింపుకుంటాడు. చిన్న తక్కెడలో మందు తూస్తాడు, ఒక గింజ తగ్గిస్తాడు, ఒక గింజ పెంచుతాడు. తన తుపాకికి ఏ కొలత నప్పుతుందో వెతుక్కుంటాడు. హనుమాండ్లుకు కళ్లు మెరిశాయి. లోకంలో ఇంకా తాను బాగుచేయని వస్తువు ఒకటి ఉందన్నమాట. మందు తగ్గిస్తే తన్నుడు తగ్గుతుంది. గొట్టం కొనకు రంధ్రాలు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఆ మర్నాడే తుపాకిని సంచిలో కట్టుకొని, లైసెన్సు జేబులో పెట్టుకొని, హైదరాబాదులో తండ్రి కాలం నుంచి తూటాలు ఇచ్చే దుకాణానికి వెళ్లాడు.

దుకాణం సాబ్ ముసలాయన. తుపాకిని సంచిలోంచి తీసి, కుందాకు తొడిగిన మఖ్మల్ రవికను చూసి, కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు.

"ఇది ఏంది భాయ్, దీనికి పెండ్లా?"

హనుమాండ్లు తన ఆలోచన వివరించాడు. సాబ్ చివరి దాకా విన్నాడు.

"ఇంట్ల తూటాలు నింపుతవా? నిన్ను జైలుల నింపుతరు. దానికి పర్మిషన్ వేరే ఉంటది, నీ తాన లేదు. నీ లెక్క జర తప్పినా గొట్టం పగుల్తది. గప్పుడు పర్ఫార్మెన్స్ చూసుడానికి నీకు ముఖం ఉండదు. రంధ్రం గింధ్రం అన్నవంటే లైసెన్స్ సుత పాయె." తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "గోడ మీద ఆ క్యాలెండర్ కనవడుతుందా? పట్టు. కొట్టు. లోపల ఏం లేదు, ఉత్తదే."

హనుమాండ్లు తుపాకి ఎత్తాడు. ఊపిరి బిగబట్టి నొక్కాడు. టక్కుమంది.

సాబ్ గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకొని ఒళ్లంతా కదిలేటట్టు నవ్వాడు. "కండ్లు మూసినవ్. భుజం ఎన్కకు పోయింది. గొట్టం నేల చూసింది. ఇంక అది పేలనే లేదు భాయ్. తుపాకి మంచిగున్నది. రిపేర్ నీకు కావాలె."

లైసెన్సు మీద కొన్ని నిండు తూటాలతో పాటు పిడికెడు ఉత్త తూటాలు ఇచ్చాడు. చూడటానికి అసలు తూటాల్లాగే ఉంటాయి గాని లోపల మందు లేదు. తేడా తెలియడానికి ప్రతిదాని అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టాడు. "రోజు ఇవి వెట్టి నొక్కు. 'ఏం గాదు' అని భుజానికి సమజ్ కావాలె. కొట్టే రోజు సుత, మొదలు ఉత్తది ఒకటి. ఊపిరి కుదిరినంక నిండుది."

ఇంటికి వచ్చి హనుమాండ్లు రోజూ నడిమింట్లో తలుపేసుకొని సాధన మొదలుపెట్టాడు. గోడ మీది పాత క్యాలెండరులో ట్రాక్టరు బొమ్మ ఒకటుంది. దానికి గురి. టక్. టక్. బయట అరుగు మీద బీడీలు చుడుతున్న శాంతవ్వకు చప్పుడు వినిపించింది.

"ఏం జేస్తున్నవయ్యా లోపల?"

"గడియారం బాగుజేస్తున్న."

శాంతవ్వ అరుగు గోడ మీదున్న గడియారం వైపు చూసింది. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. అది తన మానాన తాను నడుస్తోంది. ఆమె దారం కొరికి ఇంకో ఆకు తీసుకుంది.

దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు హనుమాండ్లు షెడ్డుకు పోయి పానాలకూ సుత్తెలకూ బంతిపూలు పెట్టి, మోటార్లకు బొట్లు పెట్టి ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి నడిమింట్లో పీట మీద తుపాకి ఉంది. గొట్టానికి మూడు పసుపు పట్టీలు, కుందాకు బంతిదండ. దాని ముందు ఇత్తడి తాంబాళం. తాంబాళంలో తూటాలు, ముగ్గు పెట్టినట్టు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున ముద్ద పసుపు, ఆ పసుపు మీద కుంకుమ బొట్టు.

ఆయన తాంబాళం మీదికి వంగాడు. నిండు తూటాలు ఒక డబ్బాలో, ఉత్తవి ఇంకో డబ్బాలో దాచాడు. శాంతవ్వ రెండు డబ్బాలూ తాంబాళంలో కుమ్మరించింది.

"అన్నీ కలిపినవా?"

"దేవుని ముంగట గదొక డబ్బ, గిదొక డబ్బ ఎందుకు? అన్నీ ఆయుధాలే గద."

తువ్వాలు తీసి తుడవబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుంది. "పూజ బొట్టు తుడుస్తరా ఎవరన్న? దానంతట అదే పోవాలె. పండుగపూట దోషం."

ఉత్తవి ఉన్న సంగతి చెప్తే, ఎందుకు తెచ్చావంటుంది. ఎందుకు తెచ్చాడో చెప్తే నాటు మడి దాకా పోవాలి. హనుమాండ్లు నోరు మూసుకొని తనకు తానే ఒక ఉపాయం చెప్పుకున్నాడు. బొటనవేలితో కొంచెం రుద్దితే కుంకుమ వేలికి అంటుతుంది, రంగు అంటదు. రుద్దినాక ఎరుపు మిగిలితే ఉత్తది, మిగలకపోతే నిండుది. ఇంత చిన్న లెక్కకు ఇంత గాబరా ఎందుకని నవ్వుకున్నాడు కూడా. రోజూ సాధనలో తన చెమట వేళ్లు తగిలి తగిలి, కొన్నిటికి సాబ్ పెట్టిన చుక్క ఏనాడో అరిగిపోయిందని ఆయనకు తట్టలేదు.

పండుగ వెళ్లిన వెంటనే పందులు మైసన్న చేనులో దిగాయి. రాజశ్రీ అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది. ఆ వారం దాకే చెల్లుతుంది. ఆ సాయంత్రం ఎవరూ రావొద్దని దండోరా వేయించింది. అందువల్ల ఊరంతా వచ్చింది. దండోరా వేయకపోతే సగం మందికి తెలిసేదే కాదు. పిల్లల్ని చంకనేసుకొని ఆడవాళ్లు, పల్లీల పొట్లాలతో మగవాళ్లు, వెనక కాలువ గట్టు మీద బారులు తీరారు. ఎదురుగా మక్క చేను, దాని వెనక గుట్ట. ఫారెస్టు బీటు ఆఫీసరు అందరినీ నోటి మీద వేలు పెట్టుకొమ్మన్నాడు.

హనుమాండ్లు కాలువకు ఇవతల, చేను వైపు ఒడ్డు మీద నిలబడ్డాడు. మొదలు ఉత్తది ఒకటి అన్న సాబ్ మాట గుర్తుంది. కాని ఇంత జనం ముందు ఉత్త తూటాతో టక్కుమనిపిస్తే పరువేం గాను? వీపు జనం వైపు తిప్పుకొని, నడుము సంచిలోంచి ఒక తూటా తీసి అడుగున రుద్దాడు. ఎరుపంతా వేలికి వచ్చేసింది. నిండుదే. లోపల పెట్టాడు.

పొద్దు గుట్ట మీద వాలుతుండగా చేను అంచున నల్లగా ఒకటి బయటికి వచ్చింది. వెనక ఇంకా నాలుగైదు. హనుమాండ్లు తుపాకి ఎత్తాడు. మఖ్మల్ చెంపకు మెత్తగా తగిలింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

టక్.

ఆ చిన్న చప్పుడుకు హనుమాండ్లు భుజం ఎగిరింది. భుజం వెనక నడుము, నడుము వెనక కాళ్లు. మనిషి మొత్తం ఎవరో గుండెల మీద తన్నినట్టు వెనక్కి లేచి కాలువలో వెల్లకిలా పడ్డాడు. నీళ్లు పైకి లేచాయి. చెప్పులు రెండూ తేలాయి. తుపాకి మాత్రం ఛాతీ మీద, రెండు చేతుల్లో, గొట్టం ఆకాశం వైపు భద్రంగా ఉంది.

గట్టు మీద జనం మెడలు చాచి చూశారు. వాళ్లలోంచి మైసన్న గొంతు ఎంతో జాలిగా వినిపించింది.

"బావా, అది పేలలేదు గద. నిన్నెవ్వలు నూకిండ్రు?"

అంతే. నవ్వు కాలువ గట్టు ఈ కొన నుంచి ఆ కొనకు పాకింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బీటు ఆఫీసరు టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ గోలకు పందులు తోకలు లేపి అడవిలో పడ్డాయి.

రాజశ్రీ ఒక్కతే పరుగెత్తి వచ్చి చెయ్యి అందించింది. "దెబ్బ తాకిందా కాకా?"

"తుపాకి ఎన్కకు తన్నింది బిడ్డా."

"పేలకుండనేనా?"

నీళ్లు కారుతున్న మీసాలతో హనుమాండ్లు, ముఖంలో ఏ మార్పూ లేకుండా అన్నాడు. "మ్యాగ్నమ్ గద."

ఆ మాట ఆయన కంటే ముందు ఎల్లారెడ్డి చేరింది. మబ్బు పట్టకముందే గొడుగు విప్పినవాణ్ణి, బస్సు కనపడకముందే చెయ్యెత్తినవాణ్ణి "మ్యాగ్నమ్ గద" అనడం ఆ దిక్కున అప్పటి నుంచే మొదలైంది. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్లు ఊరికే "టక్" అని వెల్లకిలా పడబోయినట్టు నటించి పోయేవారు. మైసన్న అయితే చక్కా వచ్చి కూర్చొని, "ఆడలేక మద్దెల ఓడు అంటరు బావా. నువ్వు మద్దెలకు స్పాంజి సుత కుట్టినవ్" అన్నాడు. రాజశ్రీ కటువుగా ఏమీ అనలేదు. పట్నం షూటర్లకు ఫోను చేశానని, వాళ్ల పేరు మీద కొత్త కాగితం రాస్తానని, వాళ్లు ఆదివారం వస్తారని మాత్రం నేల చూస్తూ చెప్పింది.

ఆ పూట హనుమాండ్లు ఇంటికి వచ్చి తుపాకిని దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టాడు.

"ఎలక్షన్లు లెవ్వు గద" అంది శాంతవ్వ.

"ఠాణాల ఇచ్చేస్త. ఇగ ఎప్పటికి అక్కడనే ఉండనీ."

శాంతవ్వ చాట పక్కన పెట్టింది. ఆమె చాట పక్కన పెట్టిందంటే ఆ మాట వినవలసిందే. "నాటు మడిల నువ్వు కూలవడ్డనాడు నేను సుత వరుసలనే ఉన్న."

హనుమాండ్లు చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. "చూసినవా?"

"అందరికన్న ముందు నేనే నవ్విన."

"చూసి సుత నన్ను చేసుకుంటివా?"

"మెడదాంక బురద మునిగినా తుపాకి ఇడువలేదు నువ్వు. పిలగాడు చేతిల వట్టింది ఇడిచెటోడు కాదు అనుకున్న. మొన్న కాలువల సుత ఇడువలేదు. ఇయ్యాల ఠాణాల ఇడుస్తనంటున్నవ్." ఆమె లేచి వెళ్లి తూటాల తాంబాళం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నీ గడియారం ముక్కలు ఇందుల కలిసినయి గద. ఏరు."

పండుగ దాటింది కనుక బొట్లు తుడవడానికి ఆమే ఒప్పుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని ఒక్కొక్క తూటా చెవి దగ్గర మెల్లగా ఊపి చూశారు. మందు ఉన్నది లోపల ఇసుక జారినట్టు సన్నగా అంటుంది. ఉత్తది నోరెత్తదు. ఉత్తవాటికి శాంతవ్వ గుర్తుగా బీడీ దారం రెండు చుట్లు చుట్టి ముడేసింది. నిండువాటిని బీరువాలో పెట్టి తాళం చెవి కొంగుకు కట్టుకుంది.

మర్నాటి నుంచి సాధన మారింది. తలుపు తీసే ఉంచారు. శాంతవ్వ అరుగు మీద నుంచి లేచి వచ్చి ఒక తూటా చేతిలో పెడుతుంది. హనుమాండ్లు దారం విప్పి లోపల పెట్టి, ట్రాక్టరు బొమ్మకు గురి చూస్తాడు. ఆయన గురి చూస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. ఈసారి కంపెనీవాళ్లు ఇచ్చిన ఆకు ఎంత చిల్లులుగా ఉందో, వదిన కొత్త గాజులు వేసుకొని చెయ్యి ఎలా ఊపుతోందో, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో. "ఉప్పు సరిపోయిందా, చెప్పవేందయ్యా?" అంటుంటే ఆయన "ఆఁ" అంటూ నొక్కేవాడు. ఆమెకు జవాబు చెప్పే పనిలో పడి భుజానికి భయపడే తీరిక దొరకలేదు. శనివారం పొద్దుటికి గొట్టం నేల చూడటం మానేసింది.

శనివారం అనుమతికి ఆఖరి రోజు. సాయంత్రం హనుమాండ్లు వెళ్లి మళ్లీ అదే ఒడ్డు మీద నిలబడ్డాడు. ఈసారి జనం రాలేదు. చూసిన ఆటే కదా అనుకున్నారు. రాజశ్రీ, మైసన్న, బీటు ఆఫీసరు వెనక గట్టు మీద కూర్చున్నారు. శాంతవ్వ తూటాల సంచి ఒళ్లో పెట్టుకొని భర్త పక్కన ఒడ్డు మీద చతికిలబడింది.

వెలుతురు సన్నబడింది. మక్క ఆకులు గలగలమన్నాయి. చేను అంచున పెద్ద మగపంది ఒకటి బయటికి వచ్చి, కంకి విరిచి తీరిగ్గా నమలసాగింది. హనుమాండ్లు చెయ్యి చాపాడు.

"తొందరేం లేదు" అంది శాంతవ్వ గుసగుసగా. "మొదలు ఉత్తది వెట్టు. ఊపిరి కుదరనీ."

చేతిలో తూటా పడింది. వేలికి దారం తగిలింది. దారం విప్పి తూటా లోపల పెట్టాడు. ఉత్తదే కదా, భుజం వదులుగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పంది చెవి వెనక గురి నిలిచింది.

"మా అన్న మనకు బుట్టెడు మక్కలు పంపుతనన్నడు" అని శాంతవ్వ గొణిగింది. "కాల్చుకుందమా, ఉడకవెడుదమా?"

"కాల్చుకుందం" అంటూ ఆయన నొక్కాడు.

గుట్ట అదిరింది. అడవిలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. పంది అడుగు కూడా వేయకుండా నిలబడ్డచోటనే ఒరిగింది. హనుమాండ్లు ఒడ్డు మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. పొగ చెదిరేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"పేలింది" అన్నాడు.

"పేలింది."

"ఉత్తదంటివి గద."

"నువ్వు నమ్ముతవని అన్న."

ఆ మాట అర్థమైనాక ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలువ ఎటూ పోలేదు, వెనకనే ఉంది.

ఎవరు ముందు పడ్డారన్నది ఆ ఊళ్లో ఇంకా తేలలేదు. పంది పడ్డాక చాలాసేపటికి హనుమాండ్లు కాక పడ్డాడని రాజశ్రీ ఎక్కడైనా చెబుతుంది. ఇద్దరూ ఒక్కసారే పడ్డారని మైసన్న వాదన. బీటు ఆఫీసరు తన రిపోర్టులో పంది సంగతి మాత్రమే రాసుకున్నాడు. ఆయన చెప్పినట్టే దాన్ని లోతు గుంత తీసి పూడ్చారు. మట్టి వేస్తుంటే మైసన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చేను దక్కిన సంతోషమని రాజశ్రీ అనుకుంది. "అంత కూర మట్టిపాలాయె" అని ఆయన ముక్కు చీదాక అసలు సంగతి తెలిసింది. పట్నం షూటర్లకు ఆ రాత్రే ఫోను చేసి రావద్దని చెప్పారు. మర్నాడు బుట్టెడు మక్కలు వచ్చాయి.

పేరు మాత్రం పోలేదు. కాకపోతే ఇప్పుడు ఆ పేరుతో పిలవడానికి దూరపు ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు. రామారెడ్డి దిక్కున ఒక సర్పంచు, రాజంపేట దిక్కున ఇంకొకరు, పందుల కోసం కాగితాలతో కబురు పెట్టారు. లిస్టులో ఉన్నది హనుమాండ్లు ఒక్కడి పేరే. వచ్చేది మాత్రం ఇద్దరు. ఆగని మోపెడ్ మీద ముందు ఆయన, వెనక ఒళ్లో సంచితో శాంతవ్వ. చేను దగ్గర ఆయన చెప్పు విడిచి ప్లగ్గు తీగ మీద కొట్టేదాకా అక్కడి జనం తప్పుకొని నిలబడతారు.

తుపాకి మీద ఆయన ఇక చెయ్యి చేసుకోవడం లేదు. మఖ్మల్ రవిక మాత్రం అలాగే ఉంది. తీయొద్దని శాంతవ్వే అంది. సంచిలోని తూటాలన్నిటికీ ఇప్పుడు బీడీ దారం ఉంటుంది. ఏది ఉత్తదో ఏది నిండుదో ఆమె ఒక్కదానికే తెలుసు. హనుమాండ్లు అడగడు. అడిగితే ఎక్కడ చెప్పేస్తుందోనని ఆయన భయం.